నియోజకవర్గపు గట్టు

పొలము గట్టు జానెడు జరిగినచో తగవు పుట్టని గ్రామము గోదావరి మండలములో లేదు. గొలుసు పట్టి కొలిచిన మనిషి ఎవరికి బంధువు, ఎవరి ఇంట భోజనము చేసి వచ్చినాడు అని కూడ విచారింతుము. అట్టి మనము మన ఓటునకు వేసిన గట్టు ఎచ్చట నున్నదో, దానిని వేసినవారెవరో అంతగా పట్టించుకొనము. శాసనసభకును లోక్‌సభకును సభ్యులను పంపు నియోజకవర్గముల హద్దులే ఆ గట్లు.

ఈ గట్లు జరుగుట మనలో పలువురు కన్నులార చూచినదే. 2004 ఎన్నికలలో నాటి తూర్పుగోదావరి జిల్లాకు 21, పశ్చిమగోదావరి జిల్లాకు 16 శాసనసభ స్థానములుండెను. 2009 ఎన్నికల నాటికి అవి 19, 15 అయినవి. తూర్పున కడియము, బూరుగుపూడి, సంపర, తాళ్లరేవు, ఆలమూరు, అల్లవరము, నగరము, ఎల్లవరము. పశ్చిమమున పెనుగొండ, అత్తిలి పట్టికనుండి తొలగినవి. మండపేట, రాజానగరము, పి. గన్నవరము, రంపచోడవరము, నిడదవోలు, రాజమండ్రి గ్రామీణము, కాకినాడ గ్రామీణము కొత్తగా చేరినవి. రాజమండ్రి లోక్‌సభ స్థానములో గోదావరికి తూర్పున నాలుగు, పడమట కొవ్వూరు, నిడదవోలు, గోపాలపురము అను మూడు శాసనసభ నియోజకవర్గములు కూడినవి.

మన జిల్లాలకు మూడు స్థానములు తగ్గుటకు ఎవరి పగయు కారణము కాదు, లెక్కయే కారణము. ఉమ్మడి రాష్ట్రమునకు మొత్తము 294 స్థానములు. ఆ సంఖ్య మారలేదు. 2001 జనాభా లెక్కలనుబట్టి ఒక్కొక్క నియోజకవర్గమున జనసంఖ్య వీలైనంతవరకు సమానముగా ఉండవలెను. హైదరాబాదు పరిసరములలో జనము వేగముగా పెరిగినందున అచ్చట స్థానములు పెరిగినవి. పెరుగుదల నెమ్మదించినచోట తగ్గినవి.

మరి గొలుసు పట్టినదెవరు? 2002 చట్టము ప్రకారము ఏర్పడిన పునర్విభజన సంఘము. సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కుల్దీప్ సింగ్ దానికి అధ్యక్షులు. కేంద్ర ఎన్నికల సంఘమునుండి ఒకరు, ఆయా రాష్ట్రపు ఎన్నికల కమిషనరు తక్కిన సభ్యులు. పార్లమెంటు సభ్యులైదుగురు, శాసనసభ్యులైదుగురు సహసభ్యులుగా కూర్చుందురు. వారు అభిప్రాయము చెప్పవచ్చును. ఓటు వేయుటకు మాత్రము వారికి హక్కు లేదు. గెలువగోరువాడు గీతను గూర్చి మాటలాడవచ్చును గాని, గీత గీయరాదు. ఈ ఏర్పాటునకు ప్రాణము ఇదియే.

ఈ ఒక్క నియమము విలువ ఎంతటిదో అమెరికాను చూచిన తెలియును. అచ్చట పెక్కు రాష్ట్రములలో హద్దులు గీయు అధికారము శాసనసభలదే. అనగా సభలో అధిక సంఖ్య గల పక్షముదే. 1812లో మసాచుసెట్స్ గవర్నరు ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ కాలమున తన పక్షమునకు అనుకూలముగా గీసిన ఒక నియోజకవర్గము, బల్లిని పోలిన సాలమాండర్ అను జంతువువలె వంకరలు తిరిగినది. పత్రికలవారు ఆ రెండు పేర్లను కలిపి ‘జెర్రీమాండర్’ అని ఎగతాళి చేసిరి. ఆ మాట నేటికిని నిలిచినది.

దాని కిటుకు చిన్న లెక్కతో తెలియును. ఒక ఊర 50 ఇండ్లు, ఐదు వార్డులు, వార్డునకు పది ఇండ్లు. ముప్పది ఇండ్లవారు ఒక పక్షము, ఇరువదింటివారు రెండవ పక్షము. తక్కువవారి చేతికి గొలుసు వచ్చినదనుకొందము. ఎదుటివారిని రెండు వార్డులలో తొమ్మిదేసి ఇండ్లు చొప్పున కుక్కివేసి, మిగిలిన మూడింట తమకు ఆరు, వారికి నాలుగు వచ్చునట్లు గీతురు. ఇరువది ఇండ్లవారికి మూడు వార్డులు, ముప్పది ఇండ్లవారికి రెండు! ఒక్క ఓటును దొంగిలింపలేదు, ఒక్క పెట్టెను పగులగొట్టలేదు. అయినను తీర్పు తారుమారైనది.

ఈ రోగమునకు మందుగా కొన్ని రాష్ట్రముల ప్రజలు స్వతంత్ర సంఘములను కోరి తెచ్చుకొనిరి. 2000లో ఆరిజోనా ఓటర్లు ఐదుగురు సభ్యుల సంఘమును ఆమోదించిరి. మన తెలుగువారు వేలకొలదిగా స్థిరపడిన కాలిఫోర్నియాలో 2008లో అట్టిదే ఏర్పడినది: పదునలుగురు సభ్యులలో ఐదుగురు డెమొక్రాట్లు, ఐదుగురు రిపబ్లికన్లు, నలుగురు ఏ పక్షమునకును చెందనివారు. కాని 2019లో అచ్చటి సుప్రీంకోర్టు, పక్షపాతపు గీతలను సరిదిద్దుట ఫెడరల్ న్యాయస్థానముల పని కాదని తీర్పు చెప్పినది. 2025లో టెక్సాస్ శాసనసభ, పదేండ్ల గడువు రాకమునుపే, తన పాలక పక్షమునకు లాభించునట్లు పటమును తిరుగ గీసినది. దానికి ప్రతిగా కాలిఫోర్నియా ఓటర్లు తమ సంఘము గీసిన కాంగ్రెసు పటమును 2030 ఎన్నికలవరకు పక్కన బెట్టుటకు సమ్మతించిరి. పొరుగువాడు గట్టు నరికినచో మన గట్టును నిలుపుకొనుట ఎంత కష్టమో ఈ కథ చెప్పుచున్నది.

మన పద్ధతి నిర్దోషమని దీని భావము కాదు. సంఘము తుది ఉత్తర్వునకు చట్టబలము కలదు. దానిని న్యాయస్థానమున ప్రశ్నింపరాదని రాజ్యాంగము 329వ అధికరణము. ఉత్తర్వు కేవలము స్వేచ్ఛాచారమైనదని తేలినప్పుడు న్యాయస్థానములు జోక్యము చేసికొనవచ్చునని 2024లో సుప్రీంకోర్టు పలికినది గాని, ఆ ద్వారము మిక్కిలి ఇరుకు. ఇక ఏ రాష్ట్రమునకు ఎన్ని స్థానములను ప్రశ్న సంఘము చేతిలోనిది కాదు. 1971 జనాభా లెక్కపై నిలిచిన ఆ పంపకమును, 2026 తరువాతి మొదటి జనగణన వరకు కదల్పరాదని 2001లో పార్లమెంటు రాజ్యాంగమును సవరించినది.

కావున ఓటరునకు చిక్కు అవకాశము ఒక్కటే: ముసాయిదా వెలువడిన దినములు. సంఘము తన ప్రతిపాదనలను గెజెటులో ప్రకటించును, ఆక్షేపణలను స్వీకరించును, బహిరంగ సభలలో విన్నపములు వినును. మా లంకకు రేవు ఒక వైపున, నియోజకవర్గము మరియొక వైపున పడినదని చెప్పుకొనవలసినది అప్పుడే. తుది ఉత్తర్వు వచ్చిన పిమ్మట ఎంత మొరపెట్టినను ప్రయోజనము స్వల్పము.

ఆ గీత ఎన్నికలతో ఆగిపోవునదియు కాదు. 2022 ఏప్రిలులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు లోక్‌సభ నియోజకవర్గమే ప్రాతిపదిక అయినది. అమలాపురము స్థానము కోనసీమ జిల్లా అయినది. కొవ్వూరు రాజమహేంద్రవరముతో చేరి తూర్పుగోదావరి అయినది. ఓటు కొరకు గీచిన గట్టు కలెక్టరు కచేరీకి దారియు అయినదన్నమాట.

పొలము కొలుచునాడు రైతు ఇంట కూర్చుండడు. గొలుసు వెంట నడచును. నియోజకవర్గము కొలుచునాడును మనము చేయవలసినది అదియే.