ఆన్‌లైన్ ఆటకు అంత సింగారం ఎందుకుండదు?

“సార్, గాడ్ ఆఫ్ వార్‌ల గడ్డం వెంట్రుకలు గూడ లెక్కవెట్టొచ్చు. ఫ్రీ ఫైర్‌ల చెట్టుకు ఆకులు గూడ సక్కగుండయ్. గట్లెందుకు?”

మహబూబ్‌నగర్‌లో మల్టీప్లెక్సర్ల పాఠం మధ్యలో వెనక బెంచీ నుంచి వచ్చిన ప్రశ్న ఇది. నేను నోరు తెరవకముందే ముందు బెంచీ జవాబిచ్చేసింది: “నెట్ స్లో ఉంటది గదరా, అందుకే బొమ్మ తక్కువ వెడ్తరు.” తరగతంతా తలూపింది. వినడానికి ఎంత సబబుగా ఉందో అంత తప్పు జవాబది. మల్టీప్లెక్సర్లు ఆ రోజుకు ఆగిపోయాయి.

తప్పని తేల్చే సాక్ష్యం వాళ్ల జేబుల్లోనే ఉంది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను మన దేశంలో నిషేధించినప్పుడు, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ప్లే స్టోర్‌లో అలాగే మిగిలింది. మా పిల్లలంతా దాంట్లోకి మారారు. 2021 సెప్టెంబరులో వచ్చిన ఈ మ్యాక్స్‌లో నీడలు, గడ్డి, వెలుగు అన్నీ ఓ మెట్టు పైన ఉంటాయి. అయినా పాత ఫ్రీ ఫైర్ వాళ్లూ మ్యాక్స్ వాళ్లూ ఒకే మ్యాచ్‌లో, ఒకరినొకరు కాల్చుకుంటూ ఆడేలా దాన్ని కట్టారు. నెట్‌లో వచ్చేది బొమ్మే అయితే ఇది కుదిరేది కాదు. చెట్టు, తుపాకీ, చొక్కా రంగు అన్నీ డౌన్‌లోడ్ చేసిన రోజే ఫోన్‌లోకి చేరిపోయాయి. మ్యాచ్ నడిచేటప్పుడు గాల్లో వెళ్లేవి అంకెలు, అవీ చాలా కొన్ని.

ఎన్ని? బోర్డు మీద లెక్క వేశాం. పబ్జీలోని ఎరాంగెల్ మ్యాపు 8 కిలోమీటర్ల చదరం. సెంటీమీటరు దాకా కచ్చితంగా చెప్పాలంటే ఒక్కో దిక్కున 8,00,000 స్థానాలు, అంటే 20 బిట్లు. రెండు దిక్కులకు 40. ఎత్తుకు 17 బిట్లు పెడితే కిలోమీటరు దాటుతుంది. ఎటు చూస్తున్నాడో చెప్పే రెండు కోణాలకు పన్నెండేసి. పరుగు, దూకుడు, తుపాకీ మీటలకు ఇంకో 15. మొత్తం 96 బిట్లు, అంటే 12 బైట్లు. వంద మందికి 1,200 బైట్లు. సెకనుకు 20 సార్లు పంపినా 24 కిలోబైట్లు. అరగంట ఆటకు 43 మెగాబైట్లు. నిజమైన ఆటలు దీన్ని ఇంకా పిండుతాయి, దూరంగా ఉన్నవాడి సంగతి నీకు పంపవు. ఒక పాట వీడియో హెచ్‌డీలో చూస్తే ఇంతకన్నా ఎక్కువ డేటా పోవచ్చని తేలేసరికి ముందు బెంచీ మౌనం వహించింది.

అసలు చిక్కు ఎంత వస్తుందన్నది కాదు, ఎప్పుడు వస్తుందన్నది. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పోతుంది. మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ 100 కిలోమీటర్లు, అర మిల్లీసెకను. ఆట సర్వర్ సింగపూర్‌లో ఉంటే 3,300 కిలోమీటర్ల పైమాటే, పోయి రావడానికి ఎంత లేదన్నా 33 మిల్లీసెకన్లు. పైగా టవర్ దగ్గర క్యూ ఉంది. దేవరకొండ బస్టాండులో ఒకే టవర్‌ను నాలుగొందల ఫోన్లు పట్టుకుని వేలాడుతున్నప్పుడు పింగ్, అంటే మాట పోయి తిరిగొచ్చే సమయం, ఎక్కడ ఆగుతుందో ఆ టవర్‌కే తెలియదు. ముందుకు నడువు అని నొక్కితే ఆ మాట సర్వర్‌కు చేరి, సరే అని తిరిగొచ్చాకే కాలు కదిలితే ఆ ఆట ఎవడాడతాడు?

సరిగ్గా ఈ గోడకే 1996లో జాన్ కార్మాక్ తల తగిలింది. ఆయన రాసిన క్వేక్‌లో అంతా సర్వర్ చెప్పినట్టే. ఆఫీసు నెట్‌వర్క్‌లో దివ్యంగా నడిచిన ఆట, ఇళ్లలోని డయల్-అప్ మోడెముల మీద బురదలో నడిచింది. 200 మిల్లీసెకన్ల లోపు జాప్యాన్ని ఊహించుకుని ఆట కట్టానని, ఆ ఊహే తప్పని ఆయనే రాసుకున్నాడు. ఆ ఏడాది డిసెంబరులో, ఆ తప్పును దిద్దుతూ క్వేక్‌వరల్డ్ వచ్చింది. త్రీడీ బొమ్మలకు ఆయన్ని పొగుడుతారు గానీ, నా లెక్కలో ఆయన చేసిన అసలు పని ఇదే.

చేసిందేమిటి? నీ మిషన్ సర్వర్ మాట కోసం ఆగదు. మీట నొక్కగానే ఏం జరగాలో తనే ఊహించి నిన్ను కదిలించేస్తుంది. నొక్కిన ప్రతి మీటకూ ఓ వరస నంబరు వేసి సర్వర్‌కు పంపుతూ, ఆ చిట్టా తన దగ్గరా ఉంచుకుంటుంది. పింగ్ 100, సెకనుకు 60 మీటలు అనుకుందాం. నువ్వు 46వ మీట దగ్గరుండగా, 40వ మీటకు నువ్వు ఫలానా చోట ఉన్నావని సర్వర్ నుంచి కబురొస్తుంది. ఫోన్ నిన్ను అక్కడ నిలబెట్టి, 41 నుంచి 46 దాకా ఆరు మీటలనూ రెప్పపాటులో మళ్లీ నడిపిస్తుంది. ఊహ సరిపోతే నీకేమీ తెలియదు. సరిపోకపోతే ఆట నిన్ను చొక్కా పట్టి వెనక్కి లాగినట్టుంటుంది. మనవాళ్లు తిట్టే ల్యాగ్‌లో సగం ఈ లాగుడే.

ఇది నీ కదలిక సంగతి. అవతలివాడి మీటలు నీ ఫోన్‌కు తెలియవు కాబట్టి వాడెప్పుడూ కాస్త గతంలోనే కనబడతాడు. నువ్వు గురిపెట్టింది ఓ పదో వంతు సెకను కిందటి మనిషికి. మరి గుండు తగిలినట్టా, తగలనట్టా? వాల్వ్ కంపెనీలో హాఫ్-లైఫ్ నెట్‌వర్క్ కోడు చూసిన యాన్ బెర్నియర్ 2001లో ఓ వ్యాసంలో ఈ జవాబును విడమరిచి చెప్పాడు. ఎవరెప్పుడు ఎక్కడున్నారో సర్వర్ దగ్గర కొద్దిసేపటి చరిత్ర ఉంటుంది. నీ కాల్పు చేరగానే అది మిగతావాళ్లందరినీ నువ్వు చూసిన క్షణానికి వెనక్కి తిప్పుతుంది, గుండు దారి కొలుస్తుంది, మళ్లీ అందరినీ వర్తమానంలోకి తెస్తుంది. అందుకే గోడ చాటుకు చేరాక కూడా “అరె, ఎట్ల సచ్చిన్రా” అని అరవాల్సి వస్తుంది. కాల్చినవాడి కాలంలో నువ్వింకా గోడ బయటే ఉన్నావు.

ఇక బొమ్మకు వద్దాం. ఇలా కాలాన్ని ముందుకీ వెనక్కీ తిప్పే సర్వర్‌కు కళ్లు లేవు. దానికి నీ బంగారు జాకెట్టు, నీ జుట్టు పట్టవు. నువ్వు కొన్ని డబ్బాల పొందికవి, అంతే. గుండును ఆపే ప్రతి వస్తువూ సర్వర్‌కు తెలియాలి, అందరి ఫోన్లలో ఒకే చోట ఉండాలి. ఫ్రీ ఫైర్‌లో ఆటగాడు అప్పటికప్పుడు లేపే గోడ, గ్లూ వాల్, చూడండి. ఒకే ముద్ద, ఇన్ని దెబ్బలు తింటే మొత్తంగా పోతుంది. సర్వర్‌కు చెప్పాల్సింది దాని చోటు, వాలు, మిగిలిన బలం. అదే ఒంటరిగా ఆడే ఆటలో అయితే గోడ నాలుగొందల పెళ్లలుగా పగిలి, ఒక్కో పెళ్ల దొర్లి, దాని వెనకా దాక్కునే వీలుండేది. ఆ దొర్లుడు లెక్కను ఎవరి ఫోన్‌కు వారికి వదిలేద్దామంటే అదీ కుదరదు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ తయారుచేసినవాళ్లు ఆజ్ఞలు మాత్రమే పంపుకుని, ప్రతి కంప్యూటరూ ఒకే లెక్క చేసుకునేలా కట్టారు. ఒక కంప్యూటర్‌లో ఓ జింక పిసరంత పక్కకు నిలబడితే చాలు, కొన్ని నిమిషాలకు వేటగాడి బల్లెం గురి తప్పేది. అక్కణ్నుంచి రెండు కంప్యూటర్లలో రెండు వేర్వేరు లోకాలు. కాబట్టి ఆన్‌లైన్‌లో పగుళ్లు, ధూళి, ఎగిరే ఆకులు ఉన్నా చాలా మటుకు అవి అలంకారానికే, వాటి చాటున దాక్కోలేరు.

రెండో సంగతి కెమెరా. ఒంటరి ఆటలో నువ్వు ఎటు చూస్తావో చేసినవాడికి చాలావరకు ముందే తెలుసు. 1996లో వచ్చిన క్రాష్ బ్యాండికూట్‌లో కెమెరా పట్టాల మీద నడిచినట్టే నడుస్తుంది. అందుకే ప్రతి చోటు నుంచి ఏయే ముక్కలు కనబడతాయో నాటీ డాగ్ వాళ్లు ముందే లెక్కగట్టి డిస్కులో రాసిపెట్టారు. గాడ్ ఆఫ్ వార్‌లో కథానాయకుడు క్రేటోస్ రాళ్ల సందులో ఇరుక్కుంటూ నెమ్మదిగా నడిచేది ఊరికే కాదు, ఆ లోపు అవతలి లోయ మెమరీలోకి ఎక్కుతుంటుంది. ఆన్‌లైన్ ఆటలో ఈ దర్శకత్వం చెల్లదు. అది మా కురుమూర్తి జాతర లాంటిది. ఎవరు ఏ దారిన వస్తారో తెలియదు, స్వామి పాదుకలు, అంటే ఉద్దాలు, వచ్చే వేళకు మాత్రం అందరూ ఒక్క చోటే ఉంటారు. వంద మంది, ఒక్కొక్కరిదీ ఒక్కో వేషం, ఒక్క తెర మీద పడినా ఫోన్ ఉక్కిరిబిక్కిరి కాకూడదు. ఆ ఒక్క క్షణానికి సరిపడేలా మిగతా ఆటంతా పొదుపు చేస్తారు.

సమయమూ తక్కువే. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో బొమ్మకు 16.7 మిల్లీసెకన్లు. పీఎస్4లో రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ముప్పై ఫ్రేములతో సరిపెట్టుకుని ఒక్కో బొమ్మ మీద 33 ఖర్చు పెట్టింది, ఆ సూర్యాస్తమయాలు అందుకే అంత బాగుంటాయి. పోటీ ఆటలో ఆ తేడా ఒక చావు. ఆడేది మళ్లీ ఎలాంటి ఫోన్ మీద? నల్లగొండ మే నెలలో 44 డిగ్రీలు దాటిన ఎండలో చిప్పు వేడెక్కి తన వేగం తనే తగ్గించుకునే ఫోన్ మీద. ఖరీదైన ఫోన్లున్న గట్టి ఆటగాళ్లు కూడా గ్రాఫిక్స్‌ను అన్నిటికన్నా తక్కువదైన స్మూత్‌లో పెట్టి ఫ్రేములు పెంచుకుంటారు. అందం చేతిలో ఉండీ వద్దనుకుంటారు.

వద్దనుకోవడం వెనక కాస్త స్వార్థమూ ఉంది. పబ్జీలో గడ్డి దగ్గరగా ఉన్నప్పుడే గీస్తారు. పచ్చటి గడ్డిలో బోర్లా పడుకుని ఎవరికీ కనబడనని నువ్వు అనుకుంటావు. 300 మీటర్ల అవతల స్కోపులోంచి చూసేవాడికి మాత్రం బోడి నేల మీద పడుకున్న మనిషివి. గడ్డిని అందరికీ అంత దూరం గీయడం చవక ఫోన్ల వల్ల కాదు, కొందరికే గీస్తే వాళ్లకే నష్టం.

మన దేశంలో తర్వాతి కథ మీకు తెలిసిందే. 2016లో జియో, 2018లో పబ్జీ మొబైల్, 2020 సెప్టెంబరులో దాని నిషేధం, మరుసటి ఏడు బీజీఎంఐ. పేర్లు మారాయి గానీ లోపల నడిచేది కార్మాక్, బెర్నియర్ల విద్యే.

ముందు బెంచీ జవాబు నిజమయ్యే చోటు ఒకటుంది, క్లౌడ్ గేమింగ్. అక్కడ ఆట ఎక్కడో సర్వర్‌లో నడుస్తుంది, ఫోన్‌కు వచ్చేది నిజంగా బొమ్మే. గూగుల్ స్టేడియా 2019లో ఇలాగే మొదలై 2023 జనవరిలో మూతపడింది. అక్కడ ఫోన్ ఒట్టి తెర. దాని దగ్గర లోకమే లేదు, సర్వర్ మాట రాకముందే నిన్ను కదిలించడం దాని వల్ల కాదు. సర్వర్ సింగపూర్‌లో ఉంటే, అక్కడి దాకా పోయొచ్చే 33 మిల్లీసెకన్లూ ప్రతి వేలి కదలికలోనూ తెలుస్తాయి. అలాంటి ఆట ఆడాలంటే సర్వర్ దగ్గర్లో ఉండాల్సిందే. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉన్న షాద్‌నగర్ పక్కన, ఎలికట్టలో మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్ కోసం భూమి కొన్నది. మహబూబ్‌నగర్ నుంచి అక్కడికి ఫైబర్‌లో అర మిల్లీసెకను కూడా పట్టదు.