గీజరులో నీరు వేడెక్కకపోతే లోపం ఎలా తెలుస్తుంది?

గీజరులో నీటిని వేడిచేసే హీటింగ్ ఎలిమెంటు అంటే, విద్యుత్ ప్రవాహాన్ని నిరోధిస్తూ వేడెక్కే నైక్రోమ్ తీగచుట్టను లోహపు గొట్టంలో ఉంచి, తీగ గొట్టానికి తగలకుండా చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడిని దట్టించిన భాగం. వేడిని బయటికి పోనిస్తూనే విద్యుత్తును అడ్డుకునే ఈ పొడి ఎలిమెంటు నిర్మాణంలో అన్నిటికంటే మెచ్చుకోదగిన అంశం.

లోపలి తీగ తెగిందో లేదో కంటికి కనిపించదు కనుక, ఎలక్ట్రీషియన్ సరఫరాను పూర్తిగా తొలగించి, ఎలిమెంటుకు కలిపిన వైర్లను విడదీసి, నిరోధాన్ని ఓమ్‌లలో కొలిచే మల్టీమీటరు ప్రోబులను దాని రెండు కొనలకు తాకిస్తాడు. 230 వోల్టులపై 2000 వాట్ల ఎలిమెంటుకు, వోల్టుల వర్గాన్ని వాట్లతో భాగించగా, నిరోధం సుమారు 26 ఓమ్‌లు ఉండాలి. మీటరు అనంతాన్ని చూపితే తీగ తెగినట్లే. బల్బులోని టంగ్‌స్టన్ తీగ నిరోధం వేడికి ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే ఈ లెక్క కుదరదు గాని, నైక్రోమ్ నిరోధం స్వల్పంగానే మారుతుంది.

రెండో పరీక్ష ప్రాణరక్షణకు సంబంధించినది: ఒక ప్రోబును కొనకు, మరొకదాన్ని లోహపు గొట్టానికి తాకించినప్పుడు మీటరు అనంతాన్ని కాక ఏదైనా సంఖ్యను చూపితే, గొట్టం చిట్లి తేమ పొడిలోకి చేరిందని, విద్యుత్తు నీటిలోకి పాకే ప్రమాదముందని అనుమానించాలి. మీటరులోని చిన్న బ్యాటరీ బయటపెట్టలేని లోపాన్ని 500 వోల్టుల ఇన్సులేషన్ టెస్టరు పసిగడుతుంది.