లినక్సులో ఆటలు ఆడవచ్చునా?

“చదువుకోమని పంపిస్తే ఆటల మీద వ్యాసం రాస్తాడా వీడు?” ఈ సంచిక ఇంటికి చేరిన రోజున మా నాయన అనబోయే మాట ఇది. మా అధ్యాపకులు కొందరు పైకి అనకపోయినా లోపల అనుకుంటారు. వారందరికీ ముందుగానే ఒక సంగతి మనవి చేసుకుంటాను. ఈనాడు లోకంలోని పెద్ద పెద్ద కంప్యూటర్లను నడుపుతున్న యూనిక్సు కుటుంబం పుట్టుకలో ఒక ఆట ఉంది. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్ అనే ఆయన గ్రహాల నడుమ ఓడ నడిపే ‘స్పేస్ ట్రావెల్’ అనే ఆటను రాసుకున్నాడు. అక్కడి పెద్ద కంప్యూటరు మీద ఒక్కసారి ఆడితే యంత్రం కాలానికి 75 డాలర్ల దాకా ఖర్చు పడేదట. ఇది మనకు గిట్టేది కాదని, మూలనపడి ఉన్న పీడీపీ-7 అనే చిన్న యంత్రం మీదికి ఆ ఆటను మార్చుకున్నాడు. ఆ పనిలో చెయ్యి తిరిగాకే అదే యంత్రం మీద యూనిక్సుకు పునాది వేశాడు. ఆ యూనిక్సు పోకడలోనే 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయం విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ తన సొంతంగా మొదలుపెట్టి, మూలం అంతా విప్పి లోకానికి ఇచ్చినదే లినక్సు. అప్పటికి ఆయన వయసు 21. మన పీజీ హాస్టలు పిల్లల వయసే గదా!

ఇంత గొప్ప వంశమైనా, “లినక్సులో ఆటలు ఆడవు” అనే అపవాదు దానికి చాలాకాలం అంటుకొని ఉండింది. అందులో నిజమెంతో, అబద్ధమెంతో నా అనుభవం మీద చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

నేను లినక్సు దగ్గరికి భక్తితో రాలేదు, గతిలేక వచ్చాను. తోతాపురి కాయలు అమ్మిన డబ్బుతో మా నాయన కొనిచ్చిన ల్యాప్‌టాపు పాతది, ఇంకొకరు వాడి వదిలినది. అందులో విండోస్ 10 ఉండేది. 2025 అక్టోబరు 14తో దానికి మామూలుగా వచ్చే భద్రతా మరమ్మతులు ఆగిపోయాయి. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే తాళంచెవి చిప్పు, కొత్త తరం ప్రాసెసరు కావాలన్నది. కొత్త యంత్రం కొనే స్తోమత లేదు. ఒక అంగడిలో మూడు వందలిస్తే దొంగకాపీ వేసిస్తామన్నారు. అంతకు ముందొకసారి అట్లాంటి కాపీతోపాటు వచ్చిన వైరసు నా రెండో సెమిస్టరు ప్రాజెక్టును మింగేసి ఉండటంవల్ల ఈసారి ఆ గడప తొక్కలేదు. మా సీనియరు ఒకాయన పెన్‌డ్రైవులో లినక్స్ మింట్ తెచ్చి అరగంటలో ఎక్కించిచ్చాడు. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు కట్టినట్టే అయింది. యంత్రం లేచి నడిచింది.

కాని రాత్రి పది గంటలకు అసలు చిక్కు మొదలైంది. భోజనాలయ్యాక మా వింగులో అయిదుగురం కూర్చొని ‘వాలరెంట్’ ఆడటం మాకు అలవాటు. అయిదుగురి జట్టు ఆట అది. ఆ రాత్రి నా తెర మీద పెంగ్విన్ బొమ్మ చూసి పక్క మంచం మిత్రుడు, “ఏంరా మామా, ఈ పెట్టెలో ఆట ఆడేదానికి అవుతుందా?” అన్నాడు. “గమ్మునుండు, చూస్తాండా గదా!” అన్నాను. రెండు గంటలు చూశాను. కాలేదు. మరునాడు మా జట్టులో నా తావ వేరొకడు కూర్చున్నాడు.

ఎందుకు కాలేదో చెప్పేముందు, అసలు ఏదైనా ఎట్లా అవుతుందో చెప్పాలి. మన తిరుపతి బస్టాండు పక్కన కాఫీ అంగళ్లను చూడండి. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఆయనతో ఒక యాత్రికుడు “సక్కరై ఇల్లామ రెండు కాపీ” అంటాడు. ఇంకొకరు “ఎరడు కాఫీ కొడి” అంటారు. మరొకరు “దో కాఫీ” అంటారు. లోపల పొయ్యి దగ్గర ఉన్నాయనకు తెలుగు తప్ప మరొకటి రాదు. గల్లా ఆయన ప్రతి మాటనూ తెలుగు చేసి లోపలికి కేకేస్తాడు. కాఫీ మాత్రం అదే కాఫీ. కంప్యూటరు ఆట కూడా అడుగడుగునా ఆపరేటింగ్ సిస్టంను ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. ఒక కిటికీ తెరువు, ఈ త్రిభుజానికి రంగు పుయ్యి, తుపాకి చప్పుడు వినిపించు, ఇంతవరకు ఆడినది దాచిపెట్టు అని. ఇవన్నీ చేసే శక్తి విండోసుకూ ఉంది, లినక్సుకూ ఉంది. అడిగే మాటలే వేరు. విండోస్ కోసం రాసిన ఆట విండోస్ మాటల్లోనే అడుగుతుంది. లినక్సుకు అవి అర్థం కావు. అంతే తేడా.

ఈ గల్లా ఆయన పని చేసే సాధనం పేరు ‘వైన్’. ద్రాక్షసారాయికి దీనికి ఏ సంబంధమూ లేదు. “వైన్ ఈజ్ నాట్ యాన్ ఎమ్యులేటర్” అనే వాక్యంలోని మొదటి అక్షరాలే దాని పేరు. ఎమ్యులేటరు ఒక యంత్రం లోపల ఇంకొక యంత్రాన్నే అభినయిస్తుంది గనుక నెమ్మదిగా నడుస్తుంది. వైనుకు ఆ బరువు లేదు. ప్రాసెసరు అదే కాబట్టి ఆటలోని లెక్కలన్నీ నేరుగా జరిగిపోతాయి, అడిగే మాటలను మాత్రమే అది మారుస్తుంది. 1993లో మొదలైన ఈ పనికి 1.0 అనే అంకె వేసుకోవడానికి 2008 వచ్చింది. పదిహేనేళ్లు! విండోస్ లోపలి మూలాన్ని ఎవరూ చూపించరు కాబట్టి, ఏ మాటకు ఏ జవాబు వస్తుందో బయటి నుంచి పరీక్షించి, తెలుసుకొని రాసుకున్నారు పాపం. ఇంకొక తమాషా ఉంది. పాతకాలపు 16 బిట్ల ప్రోగ్రాములను 64 బిట్ల విండోసులు నడపవు. వైన్ మాత్రం వాటిని ఇంకా పలకరిస్తుంది. సొంత ఇంట్లో చోటులేని ముసలివాళ్లకు పొరుగింట్లో చాప దొరికినట్టు!

మాటల మార్పిడి సులభమే. బొమ్మల మార్పిడి కష్టం. విండోస్ ఆటలు బొమ్మలు గీయించుకునేది డైరెక్ట్ ఎక్స్ అనే పద్ధతిలో. లినక్సులో అది లేదు. 2016లో వల్కన్ అనే పద్ధతి వచ్చింది. అది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ‘నియర్: ఆటోమాటా’ అనే జపాను ఆటను లినక్సులో ఆడుకోవాలనే కోరికతో ఫిలిప్ రెబోలే అనే ఆయన డైరెక్ట్ ఎక్స్‌ను వల్కన్‌లోకి మార్చే ‘డీఎక్స్‌వీకే’ను రాయడం మొదలుపెట్టాడు. ఒక్క ఆట కోసం! ఆటలు అమ్మే వాల్వ్ సంస్థ ఆయన పనికి అండగా నిలిచింది. వైనును, దీన్ని, మరికొన్నింటిని కలిపి 2018 ఆగస్టులో ‘ప్రోటాన్’ పేరుతో తన స్టీమ్ అంగడిలో పెట్టింది. 2022 ఫిబ్రవరిలో వచ్చిన ‘స్టీమ్ డెక్’ అనే చేతిపెట్టె నడిచేది కూడా లినక్సు మీదనే. వాల్వ్ వారిదేమీ దానధర్మం కాదనుకోండి. విండోస్ 8 నాటికి మైక్రోసాఫ్ట్ తన సొంత అంగడి తెరిచేసరికి వారికి భయం పట్టుకుంది. కారణం ఏదైతేనేం, మనకు మేలు జరిగింది. స్టీమ్ వారి లెక్కల్లో లినక్సు వాడేవారు 2025 అక్టోబరులో మొదటిసారి నూటికి 3 దాటారు. నూటికి మూడా అని నవ్వకండి, 1998లో లినక్సుకు ఆటలు మార్చి అమ్మడానికే పుట్టిన లోకీ అనే కంపెనీ 2002కల్లా మూతబడింది.

ఇప్పుడు నా పెట్టె సంగతి. ‘వైస్ సిటీ’ చక్కగా ఆడింది. మొదటి రోజు ప్రతి కొత్త వీధి మలుపులో తెర ఒక క్షణం నత్తిగా ఆగేది, తర్వాత సర్దుకుంది. కొత్త ఆటల్లో ఈ నత్తి మరీ ఎక్కువ. కొత్త బొమ్మ ఎదురైనప్పుడల్లా దాన్ని గీసే చిన్న ప్రోగ్రామును అప్పటికప్పుడు మార్చి తయారుచేసుకోవాలి గనుక అట్లా అవుతుంది. ఒకసారి తయారైతే దాచిపెట్టుకుంటుంది. ఇక నిన్నమొన్నటి పెద్ద ఆటలు నా దాంట్లో ససేమిరా కదలవు. అది లినక్సు తప్పు కాదు. నా పాత గ్రాఫిక్స్ చిప్పుకు వల్కన్ పూర్తిగా రాదు. లినక్సు వేస్తే పాత యంత్రం కొత్తదైపోతుందని ఎచ్చులు చెప్పేవాళ్లను నమ్మవద్దని తమ్ముళ్లకు మనవి. పాత యంత్రం పాత యంత్రమే, చావదు, అంతే.

మరి వాలరెంట్? అది అట్లా మూలనున్న చిప్పు సమస్య కాదు. కొత్త యంత్రంలోనైనా లినక్సు మీద ఆడదు. ఆటలో మోసాలు పట్టడానికి ఆ కంపెనీ ‘వాన్‌గార్డ్’ అనే కాపలాదారును పెట్టింది. కెర్నెల్ అంటే గింజలోని పప్పు. ఆపరేటింగ్ సిస్టంకు నడిమి భాగం. ఈ కాపలాదారు వాకిట్లో నిలబడడు. విండోస్ కెర్నెలులోకి వెళ్లి కూర్చొని యంత్రమంతా చూస్తుంటాడు. వైన్ మార్చేది ఆట అడిగే మాటలను మాత్రమే. లేని విండోస్ కెర్నెలును ఎక్కడినుంచి తెస్తుంది? పైగా లినక్సులో ఎవరి కెర్నెలును వారు విప్పి, మార్చి, మళ్లీ కట్టుకోవచ్చు. మనకు అదే స్వేచ్ఛ, కాపలాదారుకు అదే అనుమానం. గోడలు ఇంటివాడే జరపగలిగిన ఇంట్లో దొంగను ఎట్లా పట్టేదని అతని వాదం. అందులో నిజం లేదని నేను అనను. మోసగాళ్ల చేతిలో నేనూ ఓడిపోయినవాణ్నే.

అయితే ప్రతి కాపలాదారూ ఇంతే కాదు. ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్ ఐ అనే రెండు కాపలా పద్ధతులవారు 2021లోనే ప్రోటాన్‌కు దారి ఇచ్చారు. ఆట తయారుచేసిన వారు ఒప్పుకుంటే చాలు. కొందరు ఒప్పుకున్నారు, చాలామంది ఒప్పుకోలేదు. ‘ఎపెక్స్ లెజెండ్స్’ వారు ఒప్పుకొని కొన్నాళ్లు ఆడనిచ్చి, లినక్సు దారిలో మోసాలు వస్తున్నాయని 2024లో తలుపు మూశారు. కనుక ఈరోజు “ఈ ఆట లినక్సులో ఆడుతుందా?” అనే ప్రశ్నకు జవాబు చాలాసార్లు “ఆడనిస్తారా?” అనే దానిమీద ఉంది. ‘డోటా 2’, ‘కౌంటర్ స్ట్రైక్ 2’ వంటివి మాత్రం ఏ మార్పిడీ అవసరం లేకుండా నేరుగా లినక్సుకే వస్తున్నాయి.

ఇదంతా తెలుసుకున్నాక కూడా పది గంటలయ్యేసరికి పక్క గదిలోంచి కేకలు వినబడుతుంటే ప్రాణం కొట్టుకునేది. “ఆ దొంగకాపీ ఏదో వేయించుకో మామా, ఎవడు చూసొచ్చాడు?” అని మిత్రుడు అననే అన్నాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుందామంటే నా డిస్కు 128 జీబీలే. ఒకనాడు మూడు వందలు జేబులో పెట్టుకొని అంగడి దాకా వెళ్లి, పక్కన టీ తాగి తిరిగొచ్చిన మాట కూడా దాచను.

మార్చినెలలో ఒక ఆదివారం హాస్టల్లో ఇంటర్నెట్టు పోయింది. వాలరెంటూ పోయింది. అయిదుగురూ వరండాలో ఈగలు తోలుకుంటూ కూర్చున్నారు. నా పెట్టెలో ‘సూపర్‌టక్స్‌కార్ట్’ ఉంది. లినక్సు పెంగ్విన్ ‘టక్స్’, దాని నేస్తాలు బుల్లికార్లతో పందెం వేసే ఆట, మూలంతో సహా ఉచితం. 2019లో వచ్చిన 1.0 నుంచి నెట్‌వర్కు మీద కలిసి ఆడే వీలుంది. విండోసులో కూడా నడుస్తుంది. పెన్‌డ్రైవు చేతులు మారింది. నా గదిలోని పాత రౌటరుకు ఆరు ల్యాప్‌టాపులు తగిలించాం. రాత్రి రెండింటిదాకా వింగంతా అరుపులే. నా తావ కూర్చున్నవాడిని ఓడించినప్పుడు కలిగిన తృప్తి మాటల్లో చెప్పలేను. ఆ తర్వాత ఆదివారాలు ‘జీరో ఏ.డీ.’ కూడా పట్టుకున్నాం. అందులో మౌర్యుల పక్షం ఉంది, ఏనుగులున్నాయి, మన ఎర్రగుడిలో శాసనాలు వేయించిన అశోకుడున్నాడు. చరిత్ర శాఖ మిత్రుడొకడు మౌర్యులను తప్ప ఇంకెవరినీ ముట్టడు.

ఈ ఆటల మూలం విప్పి చూడవచ్చు గదా అని చూడబోయి నేనొక పనిలో ఇరుక్కున్నాను. మా ఊరి గుడి మండపంలో బండ మీద పులి-మేక గళ్లు చెక్కి ఉన్నాయి. మూడు పులులు, పదిహేను మేకలు. ఎవరు చెక్కారో, ఎవరు నియమాలు పెట్టారో తెలియదు. దాన్ని గోడో అనే ఉచిత సాధనంతో కంప్యూటరు ఆటగా రాస్తున్నాను. గీతలు వచ్చాయి, దూకడం వచ్చింది. మేకల పక్షాన మనిషి, పులుల పక్షాన కంప్యూటరు. సంక్రాంతి సెలవుల్లో మా నాయన ముందు పెట్టాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకొని, పన్నెండు మేకలు ఇంకా గళ్లమీద ఉండగానే నా మూడు పులులనూ కట్టేశాడు. “మీ పులికి వెనక్కి జరగడం నేర్పలేదేంరా?” అన్నాడు. నేర్పుతున్నాను.