చీటీ లేని మందు: పల్లె నర్సుకు మందు రాసే హక్కు ఎందుకు కావాలి?

కోనసీమలో ఒక ఊరు. దాళ్వా ఊడ్పులు అయిపోయిన వారం. పరిశోధన పనిమీద అక్కడి గ్రామ క్లినిక్‌లో కూర్చున్నాను. పేట నుంచి యాభై దాటిన వ్యవసాయ కూలి ఒకామె వచ్చి, చేతిలోని ప్లాస్టిక్ కవరును బల్లమీద బోర్లించింది. బీపీ బిళ్ళలు, షుగరు బిళ్ళలు, వాటితోపాటు కాగితంలో చుట్టిన తెల్ల బిళ్ళలు. ఆ తెల్లవాటికి రేకు లేదు, పేరు లేదు.

“ఇవి ఎవరిచ్చారమ్మా?” అని నర్సు అడిగింది.

“మా డాక్టరుగారేనండి. నడుం నొప్పికి. సూది కూడా వేశారు.”

ఆ డాక్టరుగారు ఆర్‌ఎంపీ. నర్సు ఆమె కాళ్ళ వాపు చూసి, బీపీ కొలిచింది. ఎక్కువగా ఉంది. పీహెచ్‌సీ డాక్టరుకు ఫోన్ చేసి, రక్తపరీక్షకు పంపింది. బీఎస్సీ నర్సింగ్ చదివిన ఆమెకు ఏదో తేడా ఉందని అర్థమైంది. కానీ మందు మార్చే అధికారం ఆమెకు లేదు. ఏ అధికారమూ లేని మనిషి ఇచ్చిన మందు మాత్రం అప్పటికే కూలామె ఒంట్లో పనిచేస్తోంది.

తెల్ల బిళ్ళతో వచ్చే చిక్కు

ఊడ్పులప్పుడు రోజంతా వంగి పనిచేసే ఆడవాళ్ళు నొప్పుల బిళ్ళ మింగడం డెల్టాలో మామూలే. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు ఎక్కువ రోజులు వాడితే కడుపులో పుండు పడవచ్చు, బీపీ పెరగవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. టెల్మిసార్టన్ లాంటి బీపీ మందు, ఒంట్లో నీరు తీసే మందు వాడుతున్న మనిషికి ఈ నొప్పి మందు కూడా తోడైతే మూత్రపిండాలకు ముప్పు మరింత ఎక్కువ. ఎండలో చెమటోడ్చి, సరిగా నీళ్ళు తాగకపోతే ఇంకా ప్రమాదం. నొప్పికని స్టెరాయిడ్ సూది వేస్తే షుగరు ఒక్కసారిగా పెరుగుతుంది.

ఈ మందులేవీ విషాలు కావు. ఎవరికి, ఎంత మోతాదులో, ఎన్ని రోజులు, వేరే ఏ మందుతో కలిపి ఇస్తున్నామన్నదే అసలు ప్రశ్న. చీటీ లేకపోతే ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి దారే ఉండదు.

చట్టం ఎవరికి ఏం ఇచ్చింది?

ఆర్‌ఎంపీ అంటే చట్టం ప్రకారం రిజిస్టరైన వైద్యుడు. మన ఊళ్ళలో రిజిస్ట్రేషన్ లేనివారినే ఆ పేరుతో పిలుస్తాం. 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం అర్హత లేకుండా వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. డైక్లోఫెనాక్ షెడ్యూల్ హెచ్ మందు. అర్హుడైన వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదు. కాగితం మీద ఉన్న నియమాలివి.

ఇక నర్సు సంగతి. ఆయుష్మాన్ భారత్ కింద 2018లో మొదలైన హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లలో ఉపకేంద్రం స్థాయికి 105 రకాల మందులు, 14 రకాల పరీక్షలు ఉండాలని జాబితా వేశారు. వాటిని నడిపేది కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్. మన రాష్ట్రంలో ఎంఎల్‌హెచ్‌పీ అని పిలుస్తాం. బీపీకో షుగరుకో మొదట మందు నిర్ణయించేది పీహెచ్‌సీ డాక్టరు. ఆ ప్రకారం నెలనెలా మందు ఇవ్వడం, పరీక్షించడం, తేడా వస్తే పంపడం నర్సు పని. ఈ-సంజీవని ద్వారా వీడియోలో డాక్టరుతో మాట్లాడించే ఏర్పాటు కూడా ఉంది. 2019 నవంబరులో దాన్ని మొదట అమలుచేసింది ఆంధ్రప్రదేశే.

2019 చట్టం 32వ సెక్షన్ మరో అడుగు వేసింది. నిర్ణీత అర్హతలున్న కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్లకు పరిమిత లైసెన్స్ ఇవ్వవచ్చంది. ప్రాథమిక, నివారణ వైద్యంలో కొన్ని మందులను వారు స్వతంత్రంగా రాయవచ్చు. మిగతా సందర్భాల్లో డాక్టరు పర్యవేక్షణ ఉండాలి. దీన్ని వ్యతిరేకిస్తూ 2019 జూలై 31న ఇండియన్ మెడికల్ అసోసియేషన్ దేశవ్యాప్త సమ్మె చేసింది. గ్రామ క్లినిక్‌లో ఉద్యోగం వచ్చినంత మాత్రాన ఆ లైసెన్స్ వచ్చినట్టు కాదు.

అయితే నర్సు చేతికి మందు ఇవ్వడం మనకు కొత్త కాదు. ఆసుపత్రికి తీసుకెళ్ళే వీలు లేని ప్రత్యేక పరిస్థితుల్లో, చీము జ్వరంతో ఉన్న పసిబిడ్డకు జెంటామైసిన్ సూది వేయడానికి 2014లో కేంద్రం ఏఎన్ఎంలకు అనుమతిచ్చింది. ఏ మందు, ఎంత మోతాదు, ఏ పరిస్థితిలో అన్నీ రాసిపెట్టి ఇచ్చిన అనుమతి అది. నేను కోరుతున్న దారి కూడా అదే.

బాధ్యతగా మందు రాయడమంటే

మందు రాసేది ఎవరైనా ముందు కొన్ని అడగాలి. ఇప్పటికే ఏ మందులు వాడుతున్నారు? గర్భం ఉందా, బిడ్డకు పాలిస్తున్నారా? ఏ మందైనా పడలేదా? మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు, మద్యం అలవాటు ఉన్నాయా? పిల్లలకైతే బరువు తూచాలి.

తర్వాత మందు పేరు, మోతాదు, ఎన్ని రోజులో రాయాలి. ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలో చెప్పాలి. చదువు రానివారికి పొద్దున్న, రాత్రి బొమ్మలతో చూపాలి. మందు అవసరం లేనప్పుడు లేదని చెప్పడం కూడా ఇందులో భాగమే. మామూలు జలుబుకు యాంటీబయాటిక్ పనిచేయదు. సెలైన్‌తో బలం రాదు.

మనకు నర్సు, వాళ్ళకు డాక్టరా?

ఈ మాట ఉద్యమ మిత్రులు అడుగుతారు. అడగాలి కూడా. దళితపేటకు తక్కువ రకం వైద్యం అంటగట్టే ఎత్తుగడ అయితే దాన్ని తిప్పికొట్టాల్సిందే. కానీ బ్రిటన్‌లో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు 2006 నుంచి దాదాపు అన్ని మందులూ స్వతంత్రంగా రాస్తున్నారు. అది పేదవాడలకు మాత్రమే పెట్టిన ఏర్పాటు కాదు. శిక్షణ, రికార్డు, తప్పు జరిగితే జవాబుదారీ ఉంటే నర్సు వైద్యం తక్కువ రకం కాదు. డాక్టరు పోస్టును ఖాళీగా ఉంచడానికి నర్సును అడ్డం పెట్టుకుంటే మాత్రం మోసమే.

మన వాళ్ళు ఆర్‌ఎంపీ దగ్గరికి అజ్ఞానంతో వెళ్తున్నారనడం సగం నిజమే. ఆయన రాత్రిపూట పేటలోకి వస్తాడు, నాడి పట్టుకుంటాడు, అప్పు పెడతాడు. 11 రాష్ట్రాల్లో 565 గ్రామాల్లో జరిపి 2006లో ప్రచురించిన అంటరానితనం సర్వే, దాదాపు మూడోవంతు గ్రామాల్లో ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్ళకు రావడం లేదని తేల్చింది. తాకని చేతికంటే తాకే చేతినే మనిషి నమ్ముతాడు. ఆర్‌ఎంపీ మీద కేసు పెట్టినంత మాత్రాన ఆ ఖాళీ నిండదు.

అడగాల్సినవి

గ్రామసభలో ఈ ప్రశ్నలు పెట్టండి. 105 మందుల్లో మన క్లినిక్‌లో ఈరోజు ఎన్ని ఉన్నాయి? క్లినిక్ పేటకు ఎంత దూరం? నర్సు వారానికి ఎన్నిసార్లు పేటకు వస్తోంది? కాంట్రాక్టు మీద బతికే ఆ నర్సుకు మందుల శిక్షణ మళ్ళీ ఎప్పుడు ఇచ్చారు? ఫోన్ చేస్తే డాక్టరు దొరుకుతున్నాడా?

ఆసుపత్రిలోకో పీహెచ్‌సీలోకో దళితులను రానివ్వకపోవడం, 2015 సవరణ తర్వాత ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. అది గుర్తుచేయండి.

ఇంట్లో చేయగలిగింది ఒకటుంది. ఎవరు మందిచ్చినా పేరు రాసివ్వమని అడగండి. రేకు కత్తిరించి కాగితంలో చుట్టిస్తే తీసుకోకండి. విద్యార్థులు సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు అమ్మ మందుల కవరు ఒకసారి బల్లమీద బోర్లించి చూడండి. పేరు లేని బిళ్ళ కనిపిస్తే అది పట్టుకుని నర్సు దగ్గరికి వెళ్ళండి.