నవ్వుల పుస్తకానికి ఆరు ముందుమాటలా?

విజయవాడలో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. తొలి పుస్తకం వేసుకుందామని వచ్చే కుర్ర రచయితల్ని నేను ముందు అడిగేది పేజీలెన్ని అని కాదు, ముందుమాటలెన్ని అని. హాస్య కథలైతే మరీనూ. ఈమధ్య ఒకబ్బాయి ఆరు పట్టుకొచ్చాడు. అందులో ఓ పెద్దాయన ఒక్కో కథా టూకీగా చెప్పేసి, కొసమెరుపులన్నీ విప్పేసి, ఇక్కడ పాఠకుడు పగలబడి నవ్వుతాడని కూడా రాశారు. ఇంక పాఠకుడికి ఏం మిగిలింది?

"తీసేస్తే నొచ్చుకుంటారండీ" అన్నాడా అబ్బాయి.

పుస్తకం చివరికి జరిపి, 'వెనకమాట' అని పేరు పెట్టాం. పెద్దాయన సంతోషించారు కూడా.

ముళ్లపూడి 'బుడుగు' బాపు బొమ్మలతో ముందు ఆంధ్రపత్రిక వీక్లీలో వచ్చింది, పుస్తకం తర్వాత. జనం నవ్వారో లేదో అప్పుడు వీక్లీలోనే తేలిపోయేది. ఇప్పుడు వీక్లీలే తగ్గిపోయాయి. ఫేస్‌బుక్‌లో లైకు కొట్టేది స్నేహితులు. వాళ్లు మొహమాటానికీ నవ్వుతారు. మీరెవరో తెలియనివాళ్లకు కథ చదివి వినిపించండి, వాళ్లు నవ్వని చోట కత్తెరేయండి. షాపులో మీ పుస్తకం పక్కనే 'బారిష్టరు పార్వతీశం' ఉంటుందని మరవకండి. దాని మొదటి భాగం 1924లో వచ్చింది, ఇప్పటికీ కొనేవాళ్లున్నారు.

ఇక ప్రూఫు. ఫోన్లో యూనికోడ్‌లో కొట్టిన మేటర్‌ని అను ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒక్కోసారి ఒత్తులు ఎగిరిపోతాయి. అవి కంటికి కనిపిస్తాయి, దిద్దుకోవచ్చు. అసలు భయం ప్రూఫ్ రీడరు పాండిత్యంతోనే. కరీంనగర్ అమ్మాయి ఒకామె కథలో మనవరాలు "ఏందే అవ్వా, గట్ల జూస్తవ్" అంటుంది. మా ప్రూఫ్ రీడరు దాన్ని "ఏమిటి నాయనమ్మా, అలా చూస్తున్నావు" అని దిద్దిపెట్టాడు. అవ్వా పోయింది, నవ్వూ పోయింది. యాస ముట్టుకోవద్దని అప్పట్నుంచి ప్రతి ప్రూఫు మీదా ఎర్ర ఇంకుతో రాసి మరీ ఇస్తున్నాను.

పేజీ కట్టడంలోనూ కిటుకుంది. కొసమెరుపు వాక్యం కుడిచేతి పేజీలో పడితే, ఎడమ పేజీ చదువుతుండగానే కన్ను అటు పరిగెత్తుతుంది. అందుకే వీలైన చోట దాన్ని కాగితం తిప్పాక కనబడేలా జరుపుతాను. రెండు లైన్లు పెంచమనో తగ్గించమనో రచయితను అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీండి.

డబ్బు సంగతి. ఫారం అంటే 16 పేజీలు. డెమ్మీ సైజులో 8 ఫారాలు, అంటే 128 పేజీలు, తొలి పుస్తకానికి చాలు. వెల 150 రూపాయలు పెట్టారనుకోండి, షాపువాళ్లకు 40 శాతం కమీషన్ అంటే 60 పోతుంది. మిగిలిన 90లోనే ప్రింటింగు, అట్ట బొమ్మ, కొరియరు, నా కూలీ. షాపువాళ్లు ఆ డబ్బయినా అమ్ముడుపోయాకే ఇస్తారు. అందుకని వెయ్యి కాపీల మోజు వద్దు. డిజిటల్ ప్రింటింగులో రెండు మూడు వందలు వేసుకుని, అవి కదిలాక మళ్లీ వేసుకోండి.

ఐఎస్‌బీఎన్ నంబరును రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. సొంతంగా వేసుకునే రచయిత ఆన్‌లైన్‌లో తనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ నంబరు ఇప్పిస్తామని ఎవరైనా వేలు అడిగితే ఇవ్వకండి.