బీరుకి చుట్టం... తరవాణి కుండ!

మే నెల. నూజివీడు తోటల్లో మామిడి కోతల రోజులు. ఎండ ముదిరితే చెట్ల కింద నిలబడి చిక్కం ఎత్తడం కష్టం. అందుకే తెల్లారేసరికే తోటలో ఉండాలి. మరి అంత పొద్దున్నే ఏం తిని వెళ్లాలి? ఒకప్పుడు కోస్తా ఇళ్లలో దానికి జవాబు వంటింటి మూలన ఉండేది. తరవాణి కుండ! అందులో నానిన చద్దన్నం, నంజుకోడానికి ఆవకాయ బద్దా ఉల్లిపాయా. ఆపైన ఉప్పేసిన తేట ఓ గ్లాసుడు.

తరవాణికి దూరపు చుట్టం ఒకటుంది... గోధుమ బీరు. నమ్మబుద్ధి కాదుగానీ నిజం.

గోధుమల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడతారు. మొలకలోని ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. బార్లీ మొలకలు కూడా కలిపి, వేడినీళ్లలో నానబెట్టి తేట దింపుతారు. హాప్స్ పూలు వేసి మరిగించి, చల్లారాక ఈస్టు కలుపుతారు. ఆ చక్కెరే ఆల్కహాలవుతుంది. జర్మనీలోని బవేరియా గోధుమ బీరు అరటిపండూ లవంగాల వాసన వేస్తుంది. అవేవీ అందులో వేయరు, అదంతా ఈస్టు మహిమ! బెర్లిన్‌లో చేసేదైతే పుల్లగా ఉంటుంది. ఆ పులుపు లాక్టిక్ బ్యాక్టీరియాది. మన ఇంట్లో పాలు తోడుకునేదీ, తరవాణి పులిసేదీ ఆ కోవ బ్యాక్టీరియాతోనే.

బవేరియాలో 1516లో ఓ శాసనం చేశారు. బీరులో బార్లీ, హాప్స్, నీళ్లే ఉండాలని. గోధుమలు రొట్టెకి మిగలాలన్నది అందులో ఓ ఉద్దేశం. మన దగ్గర లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాస్తే 1968 నాటి ఎక్సైజ్ చట్టం ఒప్పుకోదు. కాపు సారా కాపురాల్ని ఎలా కూల్చిందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడటం, 1995లో మద్యనిషేధం రావడం, 1997లో దాన్ని ఎత్తేయడం... అదో పెద్ద కథ.

తరవాణికి ఆ పేచీ లేదు. గింజను మొలకెత్తించరు. దాంతో ఈస్టుకి దొరికే చక్కెర తక్కువ, మత్తెక్కేంత ఆల్కహాలు తయారుకాదు. అన్నం వార్చిన గంజి, బియ్యం కడిగిన నీళ్లు కుండలో పోసి మూత పెడితే చాలు. రెండు మూడు రోజులకి కమ్మగా పులుస్తుంది. వాడుకున్నంత మేర రోజూ మళ్లీ గంజి పోస్తూ ఉంటారు. పాత తరవాణే కొత్తదానికి తోడు. వాసనకి నిమ్మాకో, దబ్బాకో వేసేవాళ్లూ ఉన్నారు. రంగురంగుల బూజు కనిపించినా, కుళ్లు వాసన వచ్చినా మాత్రం ఆలోచించకుండా పారబోయాల్సిందే.

మరి ఇంత తేలికైన కుండ ఎందుకు మాయమైంది? తప్పంతా ఫ్రిజ్ మీదకి నెడతాం గానీ, అసలు దెబ్బ కొట్టింది కుక్కరు. అందులో అత్తెసరు అన్నమే. పోసిన నీళ్లన్నీ అన్నమే తాగేస్తుంది, వార్చడానికి గంజి ఉండదు. గంజి లేకపోతే తరవాణి ఎక్కడిది? ఇప్పటి పిల్లల్లో చాలామందికి గంజి అంటే బట్టలకి పెట్టేదే!

ఈ వేసవికి తరవాణి రుచి చూడాలనుకునేవాళ్లు ముందు కొనాల్సింది కుండ కాదు. అటక మీదున్న అన్నం వార్చే గిన్నె కిందికి దింపాలి.