పంది పిల్లల పారుడు: తల్లి రక్తంలో ఆనవాలు
పరీక్షలో వైరస్ జాడ తేలితే తల్లిని తెగనమ్మనక్కర్లేదు

నిజాంసాగర్: తల్లిపంది మూడు నెలల మూడు వారాల మూడు రోజులు మోసి ఎనిమిదో పదో పిల్లల్ని ఈనుతుంది. మూడో నాటికి పిల్లలు పాలు కక్కడం మొదలుపెడతాయి. పసుపుపచ్చగా, నీళ్లలా పారుకుంటాయి. వారం తిరగకముందే దొడ్డి ఖాళీ అవుతుంది. పిల్లల్ని అమ్మి అప్పు తీర్చుకుందామనుకున్న పెంపకందారు నెత్తిన చేతులు పెట్టుకుంటాడు.

మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కింద వరి పండే ఊళ్లలో తవుడు, నూకలకు కొదవ లేదు. మేత ఉన్నచోట పందుల పెంపకం గిట్టుబాటే. కాని ఒక్క ఈత పిల్లలు పోతే ఆ లాభమంతా పోయినట్లే. అందుకే పారుడుకు కారణమేమిటో తెలుసుకోవడం అవసరం.

కారణాలు అనేకం

పిల్లల పారుడుకు చలి, మురికి, బాక్టీరియా, రోటావైరస్ వంటివి కారణం కావచ్చు. వీటన్నిటిలోకి ప్రమాదకరమైన వాటిలో ఒకటి టి.జి.ఇ. అనే పేగు వ్యాధి. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో డోయల్, హచింగ్స్ అనే శాస్త్రజ్ఞులు 1946లో దీన్ని గుర్తించారు. ఇది కరోనా జాతి వైరస్. చిన్నపేగు లోపలి పొరను తినేస్తుంది. తాగిన పాలు ఒంటికి పట్టవు. ఒంట్లోని నీరంతా పోతుంది. రెండు వారాల లోపు పిల్లలు దాదాపుగా బతకవు. పెద్ద పందులు మాత్రం నాలుగు రోజులు పారుకుని తేరుకుంటాయి. ఈ వైరస్ చలికి నిలుస్తుంది, ఎండకు చస్తుంది. కనుక చలికాలంలోనే బెడద ఎక్కువ. మనుషులకు ఇది అంటదు.

రక్తం చెప్పే సంగతి

వైరస్ సోకిన పంది ఒంట్లో దాన్ని ఎదుర్కొనే ప్రతిరక్షకాలు పుడతాయి. ఇవి రక్తంలో కనిపించడానికి వారం రోజులైనా పడుతుంది. పశువైద్యులు మెడ నరం నుంచి రక్తం తీసి, గడ్డకట్టాక పైన తేలిన రసిని మంచులో పెట్టి ప్రయోగశాలకు పంపుతారు. రెండు మూడు వారాల తేడాతో రెండుసార్లు తీస్తే మరీ మంచిది. రెండోసారి ప్రతిరక్షకాలు నాలుగింతలకు పైగా పెరిగితే వ్యాధి ఈమధ్యే వచ్చిందని అర్థం.

మూడు రోజులకే చచ్చిన పిల్ల రక్తంలో ఏ ఆనవాలూ దొరకదు. ప్రతిరక్షకాలు పుట్టేలోపే ప్రాణం పోతుంది. అలాంటప్పుడు దాని పేగునే పరీక్షించాలి. పాలు తాగే పిల్ల రక్తంలో ప్రతిరక్షకాలు కనిపించినా తొందరపడరాదు. అవి తల్లి పాల నుంచి వచ్చినవి కావచ్చు.

బెల్జియం పాఠం

1984లో బెల్జియంలో ఒక చిక్కు వచ్చింది. ఒక్కటీ పారుకోని పందుల మందల్లో టి.జి.ఇ. ప్రతిరక్షకాలు బయటపడ్డాయి. ఆరా తీస్తే, అదే వైరస్ తన ఒంట్లో కొంత భాగం పోగొట్టుకుని పేగును వదిలి ఊపిరితిత్తులకు చేరిందని తేలింది. పాత పరీక్షకు ఈ రెండిటి తేడా తెలియలేదు. తర్వాత రెండిటినీ వేరుచేసే కొత్త పరీక్ష తయారు చేయవలసి వచ్చింది. పరీక్ష ఫలితాన్ని, దొడ్డిలో కనిపించే లక్షణాలను కలిపి చూడాలన్నది ఇందులోని నీతి.

తల్లే టీకా

రక్తంలో జాడ ఉందనగానే తల్లిపందిని సంతలో వచ్చిన ధరకు తెగనమ్మడం నష్టం. పంది కడుపులో ఉండగా పిల్లకు ప్రతిరక్షకాలు అందవు. పుట్టిన తర్వాత ముర్రుపాల ద్వారానే అందాలి. పేగులో వ్యాధి సోకి తేరుకున్న తల్లి పాలలో ఆ రక్షణ ఉంటుంది. పిల్ల తాగినన్ని రోజులూ పాలు పేగుకు కాపలా కాస్తాయి. కాబట్టి తేరుకున్న తల్లి తర్వాతి ఈతకు అండ. ఆ రక్షణ కలకాలం ఉండదు గనుక జాగ్రత్తలు మానరాదు.

చేయవలసినవి

పుట్టిన వెంటనే, మొదటి రోజులోనే ప్రతి పిల్లా ముర్రుపాలు తాగేట్టు చూడాలి. కింద ఎండుగడ్డి పరిచి పొడిగా, వెచ్చగా ఉంచాలి. పారుకునే పిల్లలకు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు పట్టాలి. ఈ వైరస్‌ను చంపే మందు లేదు. నీరు పోకుండా కాపాడటమే వైద్యం. సంతలో కొన్న పందిని నెల రోజులు వేరే దొడ్డిలో కట్టాలి. పక్క దొడ్డిలోకి వెళ్లిన చెప్పులతో, తెచ్చిన గోనెసంచులతో మన దొడ్డిలో అడుగుపెట్టరాదు. చచ్చిన పిల్లల్ని కాలువలో పారేయక సున్నం చల్లి లోతుగా పూడ్చాలి.

రెండు పిల్లలు పారుకోవడం మొదలుపెట్టిన నాడే పశువైద్యశాలకు కబురు చేయడం మేలు. దొడ్డి ఖాళీ అయ్యాక తీసే రక్తం కారణం చెబుతుందేగాని పిల్లల్ని తెచ్చివ్వదు.